తూము కాడ నీరటి

రండి, పొగ రాని పక్కకు జరిగి కూర్చోండి. పత్తికట్టె ఇట్టే అంటుకుని ఇట్టే ఆరిపోతుంది కాబట్టి నడుమ రెండు తుమ్మ మొద్దులు పెట్టాను. నిప్పుల అంచున పల్లికాయలు కాలుతున్నాయి. సంక్రాంతి ముందటి చలి మా తిమ్మాజిపేటలో ఇట్లాగే ఉంటుంది. రాత్రి ఏడు దాటిందంటే మాటల కోసం కాకపోయినా మంట కోసమైనా నలుగురు ఒక దగ్గర చేరతారు. ఇవాళ్టి ముచ్చట ఇంగ్లీషు గురించి. లేచిపోకండి, గ్రామరు చెప్పను.

ఈమధ్య మా వాడకట్టులో బట్టలు కుట్టే చెల్లె ఒకామె మిషన్ ఆపి నన్ను నిలబెట్టింది. "సారూ, మా పిల్ల ఇంగ్లీషు పుస్తకం గడగడ సదువుతది. ఎవరన్న ఇంగ్లీషుల మాట్లాడితే మాత్రం బిత్తరపోయి సూస్తది. టూషన్ పెట్టిద్దామంటే పైసలు సాలవు. ఫోన్ల అన్నీ ఫుకట్ల దొర్కుతయంటున్నరు గద. ఏది పెట్టాలె, ఎట్ల పెట్టాలె, జర చెప్పున్రి" అంది.

"రేపు చెప్తలే చెల్లే" అని తప్పించుకున్నాను. ఏది పెట్టాలో చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ఎట్ల పెట్టాలో చెప్పాలంటే ఒక రాత్రి పడుతుంది. ఆ రాత్రి ఇదే అనుకోండి.

ఆ పిల్ల కష్టం ముందు చెప్పుకుందాం. 2022 మార్చి 8న మా పక్కనే వనపర్తిలో 'మన ఊరు – మన బడి' మొదలుపెట్టారు. ఆ తర్వాతి చదువుల ఏడాది నుంచే సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పిల్లలు బెదరకుండా పుస్తకాలు రెండు భాషల్లో అచ్చేశారు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. మంచి ఏర్పాటే. కంటికి రెండు భాషలూ ఎదురుబొదురుగా కూర్చుంటాయి. చెవికి మాత్రం మా పంతుళ్ల ఇంగ్లీషే దిక్కు. మేమా, ఇంగ్లీషును కంటితో నేర్చుకున్నవాళ్లం.

మా మండలంలోనే ఆవంచ ఉంది. అక్కడ పొలాల నడుమ ఒకే రాతిలో చెక్కిన పెద్ద గణపతి ఉంటాడు. తలెత్తితే గాని మొహం కనపడదు. అంత పెద్ద చెవుల దేవుడిని పక్కన పెట్టుకుని మా తరం మాత్రం చెవి వాడకుండా ఇంగ్లీషు చదివింది. నా సంగతే చెప్తా. ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాద్‌లో ఏదో శిక్షణకు పంపారు. ఒక దొరసాని అరగంట మాట్లాడింది. నాకు అర్థమైంది ఒక్కటే, ఆమె మాట్లాడడం అయిపోయిందని. అదైనా పక్కవాళ్లు చప్పట్లు కొట్టారు కాబట్టి తెలిసింది. అదే ఉపన్యాసం కాగితం మీద ఇచ్చి ఉంటే అరగంటలో తెలుగు చేసి చేతిలో పెట్టేవాణ్ని.

తెలివి తక్కువై కాదు, చెవికి అలవాటు లేక. తెలుగు మాట అచ్చుతో ముగిస్తేనే మన నోటికి హాయి. అందుకే బస్ మన ఊరికొచ్చి బస్సవుతుంది, రోడ్ రోడ్డవుతుంది, కార్ కారవుతుంది. మాట మొదట్లో రెండు హల్లులు అతుక్కుని వస్తే ఎక్కడానికి ఒక మెట్టు వేసుకుంటాం, స్కూలు ఇస్కూలవుతుంది. ఇంగ్లీషువాళ్లకు 'వి' వేరు, 'డబ్ల్యూ' వేరు. మనకు రెండూ ఒకే వకారం. దానితో వాళ్ల బనీనూ వాళ్ల పడమరా మన నోట్లో ఒకటే అయిపోతాయి, రెండూ వెస్టే. ఇంకో చిక్కు ఉంది. మనం మాటలో ప్రతి అక్షరానికీ బరువు ఇంచుమించు సమానంగా పంచుతాం. వాళ్లు బరువంతా ఒకచోట వేసి మిగతాది మింగేస్తారు. ఫొటోగ్రాఫ్ అన్నప్పుడు మొదటి ముక్క మీద నొక్కుతారు. ఫొటాగ్రఫీ అన్నప్పుడు ఆ నొక్కు రెండో ముక్క మీదికి జరుగుతుంది. మింగేసిన ముక్కల కోసం మన పిల్ల చెవి వెతుక్కునే లోపల వాక్యం ఊరు దాటిపోతుంది. దీన్ని పుస్తకంలో ఎంత రాసినా రాదు. వినాల్సిందే.

విని నేర్చుకోవడం మన పల్లెలకు కొత్తేం కాదు లెండి. 1975 ఆగస్టు 1 నుంచి అమెరికావాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తెచ్చుకుని, మన ఇస్రో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించింది. ఆ ఆరింటిలో అప్పటి మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పొద్దున బడిపిల్లలకు, రాత్రి పెద్దలకు. ఏడాది నిండగానే ఆ ఉపగ్రహం వాళ్లకు వెళ్లిపోయింది. తర్వాత రేడియో వంతు వచ్చింది. 'విందాం నేర్చుకుందాం' గుర్తుందా? ప్రైమరీ బళ్లలో బల్ల మీద రేడియో పెట్టి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టేవాళ్లం. పాట వస్తే లేచి ఆడేవాళ్లు. స్టేషన్ సరిగా పట్టకపోతే గరగర శబ్దానికి కూడా ఆడేవాళ్లు. ఆ తర్వాత కరోనా. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానెళ్లలో పాఠాలు. ఇంట్లో టీవీ ముందు పిల్ల కూర్చుంటుంది. బయట బర్రె అరుస్తుంది. లోపల తమ్ముడు ఏడుస్తాడు. అసలు మాట వచ్చేటప్పటికి కరెంటు పోతుంది.

చెప్పినవాళ్ల తప్పు కాదు. ఆకాశం నుంచి వచ్చిన ఆ పాఠాలన్నీ వానలాంటివి. కురిసినప్పుడు పట్టుకుంటేనే మనవి. "సార్, గదేదో అన్నడు, ఇంకోసారి" అని పిల్ల అడిగితే రేడియో ఆగదు కదా.

వాన చెరువులో నిలబడింది ఫోన్ వచ్చాక. 2016 సెప్టెంబర్ 5న, గురువుల పండుగ నాడే, జియో వచ్చింది. నెల దాటాక అక్టోబర్ 11న మా మండలం మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి కొత్త నాగర్‌కర్నూల్ జిల్లాలో కలిసింది. కొత్త కలెక్టరూ కొత్త డేటా ఒక్క కారులోనే మా ఊరికి వచ్చినట్టుంది. ఇప్పుడు టీ-శాట్ పాఠాలు కూడా యూట్యూబ్‌లో నిలవ ఉన్నాయి. ఎప్పుడంటే అప్పుడు, ఎన్నిసార్లంటే అన్నిసార్లు.

చెరువు కింద పుట్టినవాళ్లకు నీరటి ఎవరో చెప్పక్కర్లేదు. పట్నంవాళ్ల కోసం చెప్తా. చెరువు నిండినంత మాత్రాన పొలం పండదు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు పారాలి, ఎప్పుడు మూయాలి, ఇవన్నీ చూసే మనిషి నీరటి. ఆయన చుక్క నీరు పుట్టించడు. ఆయన లేకపోతే మాత్రం తూము కింది మడి మురిగిపోతుంది, ఆయకట్టు చివరి మడి ఎండిపోతుంది. నీరు పల్లమెరుగుతుంది గాని న్యాయం ఎరగదు. ఇంటర్నెట్ పాఠాలకు కావలసింది ఈ నీరటే. నాకు ఇది మొదట తెలియలేదు. తెలియక ఏం చేశానో వినండి.

రిటైరైన కొత్తలో మా అరుగు మీద పన్నెండు మంది పిల్లల్ని పోగుచేశాను. నెల రోజుల్లో ఇంగ్లీషు నేర్పుతానని పెద్ద అక్షరాలతో పేరు పెట్టుకున్న వీడియో ఒకటి టీవీకి తగిలించాను. నలభై నిమిషాలు. ఆయన ముప్పై నిమిషాలు ఇంగ్లీషు ఎంత సులభమో తెలుగులో చెప్పాడు. ఐదు నిమిషాలు తన ఇంకో వీడియో గురించి చెప్పాడు. నడుమ రెండుసార్లు రమ్మీ ఆట ప్రకటన వచ్చింది. అయిపోయాక "ఏం నేర్చుకున్నరు రా?" అని అడిగాను. ముగ్గురు నిద్రలో ఉన్నారు. మిగతా తొమ్మిది మంది ఒక్క గొంతుతో రమ్మీ ప్రకటన అప్పజెప్పారు. రాగంతో సహా.

ఆ రాత్రి నాకు సిగ్గేసింది. పొద్దున్నే ఆలోచిస్తే పాఠం అక్కడే ఉంది. వాళ్లకు అది ఎందుకు వచ్చింది? అరనిమిషం ముక్క. రెండుసార్లు విన్నారు. గొంతులో ఎత్తుపల్లాలున్నాయి. ముప్పై ఏళ్ల నా సర్వీసులో ఏ శిక్షణా ఇంత తేటగా చెప్పలేదు, చిన్నది పెట్టు, మళ్లీ మళ్లీ పెట్టు, గొంతు పట్టించు. ఆ రమ్మీవాడికి నేను గురుదక్షిణ బాకీ.

అప్పటినుంచి రెండు నిమిషాల ముక్క దాటి పోను. ఎవరో కూరగాయలు కొంటుంటారు, ఎవరో దారి అడుగుతుంటారు, అట్లాంటిది. మొదటిసారి ఫోన్ బోర్లా పెడతాను. బొమ్మ ఉండదు, గొంతులే. "ఎంతమంది మాట్లాడుతున్నరు? కోపంల ఉన్నరా, నవ్వుకుంటున్నరా? ఎవరు అమ్ముతున్నరు, ఎవరు కొంటున్నరు?" ఒక్క ఇంగ్లీషు మాట తెలియని పిల్ల కూడా దీనికి జవాబు చెప్తుంది. చెప్పగలిగిందంటే సగం భయం పోయినట్టే. రెండోసారి బొమ్మ చూపించి గొంతు మూస్తాను. వాళ్లేం అనుకుంటుంటారో పిల్లలు తమకొచ్చిన మాటలతో కల్పిస్తారు. మా పిల్లలు వేసే డైలాగుల్లో బేరం ఎప్పుడూ తెగదు. మూడోసారి రెండూ కలిపి పెట్టి, వాక్యం వాక్యానికీ ఆపుతాను. ఆపినప్పుడల్లా వాళ్లు అనాలి. అవతలి గొంతు ఎక్కడ లేస్తే వీళ్ల గొంతు అక్కడ లేవాలి. నాలుగోసారి ఇంగ్లీషు అక్షరాలు కింద కనపడేటట్టు పెడతాను. "ఓహో, గిదా వాడన్నది!" అని అప్పుడొక కేక వస్తుంది చూడండి, దాని కోసమే నేను ఈ వయసులో చలిలో కూర్చునేది. ఐదోసారి ఫోన్ నోరు మూస్తాను, పిల్లలు నోరు తెరుస్తారు. ఇద్దరు లేచి అమ్మాలి, కొనాలి. రెండు నిమిషాల ముక్కకు ముప్పావు గంట.

వేగం మరీ ఎక్కువనిపిస్తే యూట్యూబ్‌లో తగ్గించే వీలుంది. 0.75 దగ్గర పెడితే మాట మాట విడిపడుతుంది. 0.5కు దించితే తాగినవాడి మాటలాగుంటుంది. పిల్లలు ఒకసారి నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి.

కింది అక్షరాల సంగతిలో మాత్రం ఒక పట్టు పట్టండి. తెలుగు అనువాదం పెట్టకండి. పెడితే కన్ను తెలుగు చదువుకుని చెవిని పడుకోబెడుతుంది. 1996లో బ్రిజ్ కొఠారీ అనే ఆయన అమెరికాలో ఒక స్పానిష్ సినిమా చూస్తున్నాడు. కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. వీటి బదులు స్పానిష్ మాటకు స్పానిష్ అక్షరాలే పడితే నా స్పానిష్ బాగుపడేది కదా అనుకున్నాడు. ఆ ఊహనే ఇక్కడికి తెచ్చి, అహ్మదాబాద్ ఐఐఎంలో పనిచేస్తూ, దూరదర్శన్ సినిమా పాటల కింద అదే భాషలో పాట అక్షరాలు వేయించాడు. పాట ఎట్లాగూ నోటికి వచ్చినదే. చదువు సగంలో ఆగినవాళ్లు పాడుకుంటూ పాడుకుంటూ అక్షరాలు కూడబలుక్కుంటారని ఆయన లెక్క. ఆయనే మొదలుపెట్టిన బుక్‌బాక్స్ బొమ్మల కథలు యూట్యూబ్‌లో ఉన్నాయి. చదివే గొంతు ఏ మాట దగ్గరికి వస్తే తెర మీద ఆ మాట వెలుగుతుంది. తెలుగులోనూ ఉన్నాయి, ఇంగ్లీషులోనూ ఉన్నాయి. చిన్నపిల్లలకు ఇవాళ తెలుగు కథ చూపిస్తాను, రేపు అదే కథ ఇంగ్లీషులో. కథ తెలిసిందే కాబట్టి చెవి భయపడదు.

ఇక ఏది పెట్టాలె అన్న మాట. ముందు పిల్ల బస్తాలోనే వెతకండి. పాఠ్యపుస్తకంలో నల్లగళ్ల ముద్ర, క్యూఆర్ కోడ్, ఉంటుంది. దీక్ష యాప్‌తో దాన్ని చూపిస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో తెరుచుకుంటుంది. కథలకు ప్రథమ్ బుక్స్‌వాళ్లు 2015లో తెరిచిన స్టోరీవీవర్ ఉంది. చదివి వినిపించే కథలు కూడా దొరుకుతాయి. పది దాటినవాళ్లకు బీబీసీ. వాళ్లు రేడియోలో ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టింది 1943లో, అటు ప్రపంచయుద్ధం నడుస్తుండగా. ఇప్పుడు వాళ్ల 'సిక్స్ మినిట్ ఇంగ్లీష్' ఉంది. ఇద్దరు కూర్చుని ఒక విషయం మాట్లాడుకుంటారు, ఆరు కొత్త మాటలు విడమరుస్తారు, మాట్లాడినదంతా రాతలో కూడా ఇస్తారు. మా దగ్గర డిగ్రీ చదివి పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీల్లో పనికి పోయే పిల్లలకు నేను చెప్పేది ఇదే. జడ్చర్ల దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చుని పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి వినండి అంటాను.

చెవి ఇంకా అంత దూరం పోనివాళ్లకు వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్ల పాత పద్ధతి బాగుంటుంది. 1959 అక్టోబర్ 19న వాళ్లు 'స్పెషల్ ఇంగ్లీష్' అని మొదలుపెట్టారు. లోకంలోని వార్తలన్నీ సుమారు 1,500 మాటల్లోనే చెప్పాలని నియమం. పొట్టి వాక్యాలు. మామూలు వేగంలో మూడింట రెండు వంతుల వేగం. మన నీరటి తూము సగం దించి పెట్టినట్టు. కాని చూడండి, 2025 మార్చిలో అక్కడి సర్కారు ఒక్క నిర్ణయంతో ఆ సంస్థ ఉద్యోగులను ఇళ్లకు పంపింది, ప్రసారాలు ఆగిపోయాయి. ఈ చెరువు గట్టు మన చేతిలో లేదు. దింపుకోవచ్చని వాళ్లే ఇచ్చినవి ఉన్నప్పుడే దింపి కార్డులో వేసుకోవాలి. 2005లో మొదలైన లిబ్రీవాక్స్ అట్లాంటిదే. హక్కుల గడువు తీరిన పుస్తకాలను లోకమంతటి మనుషులు ఊరికే చదివి పెడుతున్నారు, ఎవరైనా దింపుకోవచ్చు. ఒక్కో గొంతు బాగుంటుంది, ఒక్కోటి గొణుగుతుంది. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని కొట్లాడకూడదు, బాగున్న గొంతు ఏరుకోవాలి.

పల్లికాయలు కాలాయి, తీసుకోండి. పొట్టు ఇటు మంటలో వేయండి. ఇప్పుడు మన హైదరాబాద్ ముచ్చట ఒకటి.

ఢిల్లీలో 1999లో గోడకు కంత పెట్టి కంప్యూటర్ అమర్చి వీధి పిల్లలకు వదిలేసిన సుగతా మిత్రా పేరు మీరు వినే ఉంటారు. ఆయన, ఇంకొందరు కలిసి హైదరాబాద్‌లో తక్కువ ఫీజు బడి పిల్లలు 16 మందిని తీసుకున్నారు. మనం మాట్లాడితే అక్షరాలుగా రాసే కంప్యూటర్ ఒకటి వాళ్ల ముందు పెట్టారు. 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్', 'మై ఫెయిర్ లేడీ' లాంటి ఇంగ్లీషు సినిమాలు ఇచ్చారు. పంతులు లేడు. పిల్లలు తెలుగు యాసలో మాట్లాడితే కంప్యూటర్ పిచ్చిరాతలు రాసింది. దానికి అర్థమయ్యేదాకా పిల్లలే విని, అని, మళ్లీ విని దిద్దుకున్నారు. కొన్ని నెలలకు ఉచ్చారణ బాగుపడిందని 2003లో వ్యాసం అచ్చయింది.

ఆనాటి ఆ యంత్రం ఇవాళ మన జేబులోనే ఉంది. ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే రాస్తుంది కదా. మా అరుగు మీద ఒక పిల్ల "ఐ యామ్ గోయింగ్ టు మార్కెట్టు" అంది. ఫోన్ చివర 'మార్కెట్ టూ' అని రాసింది. రెండో మార్కెట్ ఎక్కడుందని పిల్లలు ఒకటే నవ్వు. నేను పదేళ్లు చెప్పినా వదలని ఆ చివరి ఉకారాన్ని ఆ పిల్ల పది నిమిషాల్లో తానే తెంపేసుకుంది. నేను తప్పంటే మొహం చిన్నబుచ్చుకుంటుంది, ఫోన్ తప్పు రాస్తే పంతానికి వస్తుంది.

అయితే పంతులు అక్కర్లేదా అంటారేమో. ఆ మాటకు మిత్రా కథలోనే జవాబుంది. తమిళం మాట్లాడే కాళికుప్పం పల్లెలో ఆయన జీవశాస్త్రం పాఠాలు కంప్యూటర్‌లో పెట్టి పిల్లల్ని వదిలేశాడు. సొంతంగా కొంత నేర్చుకున్నారు. తర్వాత, సబ్జెక్టు తెలియని ఒక యువతిని వాళ్ల వెనుక నిలబడి 'అబ్బా, ఇదెట్ల చేశారు, ఇంకోసారి చూపించండి' అని మెచ్చుకోమన్నాడు. అవ్వ మనవడి వెనుక నిలబడి మురిసినట్టు. మార్కులు 30 నుంచి 50కి పెరిగాయని ఆయనే చెప్పుకున్నాడు. ఆ తర్వాత హైదరాబాద్ పిల్లల్ని, స్కైప్‌లో మీకేం కావాలని అడిగితే కథలు చదివి వినిపించేవాళ్లు కావాలన్నారు. బ్రిటన్‌లో రిటైరైన పంతులమ్మలు, అవ్వలు ముందుకొచ్చి స్కైప్‌లో కథలు చదివారు. యంత్రం చాలునని బయలుదేరిన మనిషి చివరికి అవ్వల్ని వెతుక్కున్నాడు. తూము కాడికి ఎవరో ఒకరు రావాల్సిందే.

ఇంకొక భయం తీర్చి వదిలేస్తా. మా పిల్ల దొరల యాస పట్టకపోతే ఎట్లా అని కొందరు తల్లిదండ్రులు దిగులుపడతారు. హైదరాబాద్ పిల్లలు చూసిన 'మై ఫెయిర్ లేడీ'కి మూలం బెర్నార్డ్ షా నాటకం. పూలమ్ముకునే పిల్లకు యాస మార్చి పెద్దింటి పిల్లగా చూపించే కథ. ఆ షాయే 1927లో ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం లింగ్వాఫోన్‌వాళ్లకు గ్రామఫోన్ రికార్డు ఇచ్చాడు. రికార్డు తిరిగే వేగం సరిగా పెట్టుకోకపోతే మీరు వినేది నా గొంతు కానే కాదని ముందే హెచ్చరించాడు. పరాయి దేశంలో మరీ చక్కగా మాట్లాడబోకండి, విరిగిన మాటలతోనే పని జరుగుతుందని సలహా కూడా ఇచ్చాడు. యాస మార్పు మీద నాటకం రాసినవాడే ఆ మాటన్నాక మనకేం? మన పాలమూరు యాస మన దగ్గరే ఉండనిద్దాం. అవతలివాడు రెండోసారి "ఏమన్నారు?" అని అడగకుండా ఉంటే చాలు.

ఇప్పుడు అసలు చేదు మాట. మా వీధిలో చాలా ఇళ్లలో పెద్ద ఫోన్ ఒక్కటే. అది పొద్దున నాయన జేబులో పనికి పోతుంది. రాత్రి ఎనిమిదికి వస్తుంది. రాగానే కొడుకు అందుకుని రీల్స్ చూస్తాడు. తొమ్మిదిన్నరకు చార్జింగ్ పోతుంది. ఆడపిల్ల చేతికి వచ్చేటప్పటికి డేటా కూడా అయిపోయి ఉంటుంది. అంత పెద్ద చెరువులో ఆమెకు వచ్చే వాటా ఆయకట్టు చివరి మడిదే. ఊరికే దొరుకుతుందన్న చదువు ఆ పిల్లకు ఎందుకు దొరకలేదని ఎవరైనా అడిగితే, నేను ఇంటర్నెట్‌ను తప్పు పట్టను.

మర్నాడు ఆ చెల్లె దగ్గరికి పోయి చెప్పింది ఇదే. "ఏది పెట్టాలన్నది కాగితం మీద రాసిచ్చిన, నీ పిల్ల చూసుకుంటది. ఎట్ల అన్నది నీ చేతిల ఉంది. రాత్రి ఎనిమిదికి ఫోన్ కొడుకు చేతికి పోకముందే పిల్ల చేతికియ్యి. ఇరవై నిమిషాలు. నువ్వు పక్కన కూసో."

ఆమె నవ్వింది. "నాకు ఏబీసీడీలు రావు సారూ, నేను కూసొని ఏం జెయ్యాలె?"

"రాకపోవుడే మంచిది. ఏం విన్నవో నాకు తెలుగుల చెప్పు బిడ్డా అను. చెప్పినంక, ఇంకోసారి పెట్టు, నేను కూడ వింట అను. గంతే."

వారం దాటింది. నిన్న రాత్రి వాళ్ల ఇంటి ముందు నుంచి వస్తుంటే లోపల ఫోన్‌లో ఎవరో ఇంగ్లీషులో టమాటాల ధర అడుగుతున్నారు. గొంతు ఆగింది. పిల్ల గొంతు అదే మాట అంది. ఆ వెనుకే తల్లి గొంతు వినిపించింది, "మళ్లొక్కసారి పెట్టు బిడ్డా."

మీ ఇంట్లో ఈ పూట ఫోన్ ఎవరి చేతిలో ఉందో ఒకసారి చూడండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మా ఊరివాళ్లు ఇది చదువుతుంటే, ఊరికి చందా సంగతి తర్వాత చూద్దాం, ఆదివారం అరగంట వీడియో కాల్‌లో ఒక పిల్లకు కథ చదివి పెట్టండి. ఇంట్లో ఉన్నవాళ్లు ఆడపిల్ల చేతికి ఇరవై నిమిషాలు ఫోన్ ఇప్పించి పక్కన కూర్చోండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా సరే.